జోగారావు మూడో ఇల్లు

ఎవరైనా సందేహం అడిగితే అప్పలాచార్యులుగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడు మర్నాడు ఏం పని పెట్టుకున్నాడో కనుక్కుని, ఆ పనికి తానూ బయలుదేరేవారు. బొబ్బిలిలో సాయంత్రాలు ఆయన దగ్గర గీత చెప్పించుకునేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు.

వాళ్ళలో జోగారావు చురుకైనవాడు. సిమెంటు కొట్టు నడుపుతూ, బ్యాంకులో అప్పు తీసుకుని ఒకటి తరవాత ఒకటిగా మూడు ఇళ్ళు కొన్నాడు. మూడూ అద్దెకిచ్చాడు. వచ్చిన అద్దె వచ్చినట్టే వాయిదాలకు పోతోంది. స్టేషను దగ్గర నాలుగో ఇల్లు కూడా చూసి పెట్టుకున్నాడు.

ఒకనాటి సాయంత్రం పాఠం అయ్యాక అతను అడిగాడు. "ఆచార్యులుగారూ, నా ఇళ్ళు కొన్న డబ్బు బ్యాంకుది. ఆ అప్పు తీర్చేది అద్దెకున్నవాళ్ళు. నడుమ నేను ఊరికే చూస్తూ కూచున్నవాణ్ణి. ఇది కూడా నిస్సంగమే కదండీ?"

పక్కవాళ్ళు నవ్వారు. జోగారావు నవ్వలేదు. అతను నిజంగానే అడిగాడు.

"రేపు పొద్దున్న నీకేం పని?" అన్నారు ఆచార్యులుగారు.

"బ్యాంకు మేనేజరుగారు మూడో ఇల్లు చూడ్డానికి వస్తున్నారండి. దాన్ని తాకట్టు పెట్టి, దాని అద్దె చూపిస్తేనే నాలుగోదానికి అప్పు."

"అయితే నేనూ వస్తాను."

మర్నాడు వాళ్ళిద్దరూ వెళ్ళేసరికి ఆ ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. గిన్నెలు, చాపలు, ఇడ్లీ కుక్కరు అందులోకి ఎక్కేశాయి. టిఫిను బండి పెట్టుకుని బతికే నూకరత్నం, కొడుకూ కోడలూ చంటిపిల్లాడితో ఆ ఇంట్లో కొన్నేళ్ళుగా అద్దెకుంటోంది. ఆమె ఇప్పుడు మూటలకు తాడు బిగిస్తోంది.

జోగారావు ఆటో దగ్గరే ఆగిపోయాడు. "ఇదేటి రత్నమ్మా, ఎక్కడికి?"

"నెల ముందే ఫోను చేసి చెప్పాను కదా బాబూ. మీరు రిజిస్ట్రీ ఆఫీసులో ఉన్నానంటూ, సరే సరే అన్నారు."

అతనికి గుర్తుకొచ్చింది. అంతకు ముందు ఆమె అడిగినదీ గుర్తుకొచ్చింది. మనవడికి ఉయ్యాల కట్టుకోవడానికి శ్లాబుకు ఒక కొక్కెం వేయించుకుంటానంది. శ్లాబుకు చిల్లి పెడితే ఇంటి ధర పడిపోతుందని తను వద్దన్నాడు.

"కొక్కెం నేనే వేయిస్తాను. ఈ రోజే వేయిస్తాను. అద్దె కూడా తగ్గిస్తాను. ఒక్క నెల ఉండు రత్నమ్మా! పోనీ మేనేజరుగారు వచ్చి వెళ్ళేదాకా ఆ సామాను లోపల పెట్టించు." ఇల్లు ఖాళీ అయితే ఈ నెల వాయిదా ఎక్కణ్ణుంచి తేవాలో, నాలుగో ఇంటికిచ్చిన బయానా ఏమవుతుందో అని అతనికి ఒకటే గుబులు.

నూకరత్నానికి జాలేసింది. చెంగుతో చెయ్యి తుడుచుకుని అతని దగ్గరకొచ్చింది.

"మీ మీద కోపం లేదు బాబూ. మా చెల్లెలి వీధిలో పెంకుటిల్లు దొరికింది. వాన కురిస్తే కారతాదేమో గానీ, దూలాలున్నాయి. నిన్ననే ఉయ్యాల కట్టీసాం. గుంటడు హాయిగా తొంగున్నాడు. ఇంకెలా తిరిగి రమ్మంటారు?"

తాళమూ చెవీ అతని చేతిలో పెట్టింది. ఆచార్యులుగారికి దండం పెట్టి, ఆటోలో మూటల మధ్య సర్దుకుని కూచుంది. ఆటో మలుపు తిరిగేటప్పుడు ఆమె వెనక్కి చూడలేదు. ఒళ్ళోని గిన్నెలు పడిపోకుండా పట్టుకునే పనిలో ఉంది.

జోగారావు లోపలికి వెళ్ళాడు. తుడిచి శుభ్రం చేసి ఇచ్చిన ఇల్లు. గది మధ్యలో నిలబడి పైకి చూశాడు. శ్లాబు నున్నగా, ఎక్కడా ఒక్క చిల్లి లేకుండా ఉంది. అంతలో ఫోను మోగింది. మేనేజరుగారు. వీధి చివర ఉన్నాను, ఇల్లు ఎటు అంటున్నారు. జోగారావు దారి చెప్పబోయి, చెప్పలేక, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆచార్యులుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"నన్నిప్పుడేం చెయ్యమంటారు గురువుగారూ?"

ఆయన చెప్పులు తొడుక్కుంటూ శాంతంగా అన్నారు. "డబ్బు బ్యాంకుది, తీర్చేది అద్దెకున్నవాళ్ళు అన్నావు. తాళం మాత్రం నీదే కదా నాయనా. వేసుకో."