గుమ్మం మీది కలబంద

నాంచారమ్మ ఇంటి గుమ్మానికి తలకిందులుగా వేలాడుతున్నదాన్ని చూశారు కదా, ఏం చూశారో చెప్పండి. దిష్టికి కట్టిన కలబంద అంటారు. ఆ ఇంటి పిల్లికి మాత్రం అందులో మందు కనిపించింది. పొద్దున నాంచారమ్మ వేలు కాలితే ఆ గుజ్జే రాసుకుంది, మంట చల్లారింది. పిల్లి అరుగు మీద నుంచి అంతా చూసింది.

దాని కూన చుక్కకి కడుపు బాగోలేదు. పాలు ముట్టడం లేదు. కలబంద పెట్టనా అని పిల్లి గాదె కింద ఉండే పందికొక్కును అడిగింది. కూన పెరిగితే తన బతుకు ఏమవుతుందో పందికొక్కుకు బాగా తెలుసు. ఇల్లంతటినీ కాచేది ఒక్క కూనను కాయదా అంది. పిల్లి ఎగిరి ఒక మట్ట లాగింది. చుక్క ఒక్క ముక్క నమిలి, నురగ కక్కి, కాళ్లు చాపేసింది.

"పోయేది రోగమే అక్కా. ఇంకో ముక్క పెట్టు," అంది పందికొక్కు.

దిక్కు తోచని తల్లి ఎవరు చెప్పినా వింటుంది. దాన్ని తప్పుపట్టకండి. ఆ భయాన్ని వాడుకున్నవాణ్ణి పట్టుకోండి.

పిల్లి మళ్లీ మట్ట అందుకునేసరికి, కొట్టంలో నెమరేస్తున్న ముసలి ఎద్దు తల తిప్పింది.

"అంత మంచి మందైతే, ముందు నువ్వో ముక్క కొరకవయ్యా."

"ఇవాళ మా నాన్న తద్దినం తాతా. పచ్చిది ముట్టను."

"పొద్దున గాదెలో వడ్లు ముట్టావుగా."

పందికొక్కు మీసాలు తుడుచుకుని బొరియలోకి జారుకుంది.

"పైపూతకి పనికొచ్చింది లోపలికి పనికిరాదు తల్లీ," అంది ఎద్దు. "దాని తొక్క కింద పసుపు సొన ఉంటుంది. అది మీలాంటి చిన్న జీవాల కడుపుకి పడదు. కూనను ఇలా తీసుకురా."

పిల్లి చుక్కను నోట కరుచుకుని తెచ్చి ఎద్దు పొట్ట పక్కన వెచ్చగా పడుకోబెట్టింది. ఎద్దు కదలకుండా పడుకుంది. ఈగలు ముసిరినా తోక ఆడించలేదు. పిల్లి కూనను నాకుతూనే ఉంది. పొద్దు వాలేవేళకి చుక్క కళ్లు తెరిచి, తొట్టి నీళ్లు నాకి, ఎద్దు ముందున్న గరికలోంచి ఒక పరక నమిలింది. కాసేపటికి వెంట్రుకల ఉండ కక్కేసి పాలకోసం ఏడ్చింది.

అప్పుడు లేచింది పిల్లి. మిగిలిన మట్టను ఈడ్చుకెళ్లి బొరియ నోట్లో బిగించి కూర్చుంది. బొరియకి అదొక్కటే దారి, చుట్టూ బండరాయి.

"అక్కా, దారి ఇవ్వవా," లోపలినుంచి పందికొక్కు బతిమాలింది.

"మందేగా తమ్ముడూ. కొరుక్కుంటూ రా."

కొరుక్కుంటూనే వచ్చింది. మూతి వంకర, కడుపులో మెలి. పిల్లి దాని మీద పంజా ఎత్తలేదు. అది పడుతూ లేస్తూ దొడ్డి దాటిపోయింది, మళ్లీ రాలేదు.

ఒకరి చేతికి మందైంది ఇంకొకరి కడుపుకి విషం కావచ్చు. అందుకే అడుగుతున్నాను, మీ గుమ్మంలో కలబంద కింద ఏ కూన ఆడుకుంటోందో ఒక్కసారైనా చూశారా?