ఊ కొట్టిన ఇల్లు

ముక్కామల నరహరి వైద్యులు గారి దగ్గర శిష్యరికం చేసేవాళ్ళెవరూ ‘ఊ’ అనకూడదు. రోగి బాధ చెప్పుకుంటుంటే పక్కనున్న శిష్యుడు ఊ కొట్టాడా, ఆ పూటకి మందుల గదిలోంచి గెంటేవారు. రోగి చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పాలి. అదంతా ముసలాయన చాదస్తమనుకునేవాళ్ళం. నేనైతే చాటుగా ఆయన్ని అనుకరించి నవ్వించేవాణ్ణి కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకనాడు నా తోటి శిష్యుడు పురుషోత్తం మందు నూరుతూ నూరుతూ ఆపేశాడు.

"గురువుగారూ, మా ఆవిడ సుభాషిణికి ఏదైనా మందివ్వండి. నేనేనాడూ ఆవిడకి ఎదురు చెప్పి ఎరగను. అయినా నిద్రపోదు, అన్నం సయించదు, మనిషి సగమైపోయింది. నిన్న పాలగిన్నె తెచ్చి నా కాళ్ళ ముందు విసిరికొట్టింది. శాంతంగా ఉండేందుకు ఏదైనా..."

"అంతకుముందు ఏం చెప్పింది?" అన్నారు గురువుగారు.

పురుషోత్తం మళ్ళీ మందు నూరడం మొదలుపెట్టాడు. "ఏవో ఇంటి సంగతులండీ. నేను ఊ అంటూనే ఉన్నాను కదా!"

గురువుగారు లేచి మా ఇద్దర్నీ లోపలికి రమ్మన్నారు. ఏళ్ళ తరబడి ఆయన దగ్గరే నేర్చుకుంటున్నా మేమెప్పుడూ ఆ గడప దాటలేదు. వెనక వసారాలో ఆయన భార్య కామేశ్వరమ్మ గారు గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. జుట్టు శుభ్రంగా దువ్వి ఉంది. దువ్వింది గురువుగారేనని తర్వాత తెలిసింది.

ఆయన ఆమె పక్కన కింద చతికిలబడ్డారు.

"కామేశ్వరీ, దొడ్లో సన్నజాజి పూసింది."

"ఊ."

"ఇవాళ మన అమ్మాయి పోయిన రోజు. జ్ఞాపకముందా?"

"ఊ."

"తప్పు నాది. నన్ను తిట్టవే. ఒక్క మాట తిట్టు."

"ఊ."

ఆ గొంతులో కోపం లేదు, అలకా లేదు. అంత పెద్ద వైద్యుడు పైపంచెతో కళ్ళు ఒత్తుకుంటుంటే ఎటు చూడాలో తెలియలేదు.

"బిడ్డ పోయాక రెండేళ్ళు ఈవిడ నాతో చెప్పుకుంది" అన్నారాయన. "నాకు దుఃఖమంటే భయం. పుస్తకంలోంచి తలెత్తకుండా ఊ కొట్టాను. చెప్పింది, ఏడ్చింది, చేతికందింది విసిరింది. ఆ తర్వాత ఒకరోజు మానేసింది. హమ్మయ్య, ఇల్లు కుదుటపడిందని సంతోషించానురా నేను! పదమూడేళ్ళయింది. నాకు తెలిసిన మందులన్నీ వాడాను."

పురుషోత్తం ఒక అడుగు ముందుకేశాడు. "నాకేం మందిస్తారు గురువుగారూ?"

గురువుగారు వెనక్కి తిరగలేదు. భార్య పాదాల మీద దుప్పటి సర్దుతున్నారు.

"ఇంకా విసురుతోందన్నావు కదరా. పరుగెత్తు."