రిబ్బన్ కట్టిన గది

నిత్యబోధులవారు కూర్చుని సమాధానం చెప్పేవారు కారు. ఎవరైనా ఏదైనా అడిగితే చేతికర్ర అందుకుని లేచేవారు. ఒకనాటి ఉదయం శిష్యుడు భానుశర్మ అడిగాడు: "గురువుగారూ, సాధకుడు కోపాన్ని జయించాలంటారు. కోపం తెచ్చుకోవలసిన వేళ కూడా ఉంటుందా?" గురువుగారు కర్ర తీసుకున్నారు. ఇద్దరూ కొండెక్కి కొర్రపుట్టు అనే గూడేనికి చేరారు.

ఆ గూడెంలో సర్కారూ ఒక కంపెనీ కలిసి సోలార్ కరెంటు పెట్టాయి. స్థలం, స్తంభాలు సర్కారువి. ప్యానెళ్లు, బ్యాటరీలు కంపెనీవి. దిగువనున్న ఊట నీటిని మోటారుతో తోడి గూడెం నడుమ కొళాయికి ఇవ్వాలని ఏర్పాటు. పని పూర్తయి ఐదు నెలలైంది. నీళ్లు మాత్రం ఇంకా ఆడవాళ్ల నెత్తిమీదే కొండెక్కుతున్నాయి. బ్యాటరీ గది తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది. ప్రారంభోత్సవం నాలుగుసార్లు వాయిదా పడింది. శిలాఫలకం మీద మంత్రిగారి పేరు పైన ఉండాలా, కంపెనీ అధిపతి పేరు పైన ఉండాలా అన్నది తేలలేదట. సిగ్గు అనేది ఒకటుంటుందని ఆ పెద్దలకు ఎవరూ చెప్పినట్టు లేదు.

గూడెం జనం ఆ రిబ్బన్ ముట్టలేదు. కొత్తల పండగ చేయనిదే కొత్త పంట నోట పెట్టని మనుషులు వాళ్లు. ఇదీ అలాంటిదే అనుకున్నారు. రోజూ ప్యానెళ్ల మీద దుమ్ము తుడిచి, గుమ్మానికి పసుపు కుంకుమ పెట్టి, పెద్దల కోసం కనిపెట్టుకుని ఉన్నారు. కిందటి నెల, ఎనిమిదో నెల గర్భిణి బుద్రి నీళ్ల బిందెలతో కొండెక్కుతూ జారిపడింది. బిడ్డ కడుపులోనే పోయింది. ఆ మరునాడు కూడా ఎవరో వెళ్లి ప్యానెళ్లు తుడిచారు.

"పాపం, నిజమే" అన్నాడు శర్మ. "కానీ ఇంత మేలు చేసినవాళ్ల విషయంలో తొందరపడకూడదు. పేర్ల సంగతి తేలితే వాళ్లే వస్తారు."

గురువుగారు అతని వైపు చూడలేదు. గూడెం పెద్ద సోమన్నను అడిగారు: "కొత్తల పండగకు పూజారి రాలేకపోతే ఏం చేస్తారు? పిల్లల్ని పస్తుంచుతారా?"

"అదేటి సామీ, అలగెందుకుంచుతాం? పూజారి రాకపోతే ఇంటి ఆడమనిషే చేస్తాది. పండగ తిండి కోసమే గదా."

ఆ మాట అని సోమన్న తనే ఆగిపోయాడు. ఐదు నెలలుగా ఎవరి కోసం చూశామా అని అప్పుడు తోచింది కాబోలు, ముఖం నల్లబడింది. అరుగు మీద కూర్చున్న బుద్రి లేచి వచ్చి రిబ్బన్ పట్టుకుని లాగింది. తెగలేదు. పళ్లతో కొరికి తెంపింది. మోటారు నడపడం నేర్చుకుని ఇన్నాళ్లూ తాళంచెవి కొంగున కట్టుకు తిరిగిన జమున లోపలికి వెళ్లి స్విచ్చి వేసింది. కాసేపటికి కొళాయిలో నీళ్లొచ్చాయి. అందరూ బిందెలకోసం పరుగెత్తారు. బుద్రి బిందె తేలేదు. ఆ ధార కింద చేతులు కడుక్కుని మళ్లీ వెళ్లి అరుగు మీద కూర్చుంది.

కొండ దిగుతూ శర్మ గొణిగాడు: "ఇప్పుడు వాళ్లకు కోపం వస్తుంది గురువుగారూ. ఆ రాతి మీద ఎవరి పేరు ముందుండాలో ఇంకా తేలనే లేదు."

"బుద్రి బిడ్డకు పేరే పెట్టలేదు" అన్నారు గురువుగారు. "ముందు అది తేల్చమను."