గుబురమ్మకు వచ్చిన సీటు

అనగనగా, ఇప్పచెట్లు ఎక్కువా దారులు తక్కువా ఉండే ఒక అడవిలో గుబురమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. దాని మొగుడు దుబ్బన్న. వాళ్లకి ఒక్కతే కూతురు, మిణుకు.

ఎలుగుబంట్లకి ఒక అలవాటు ఉంది పిల్లలూ. పసిబిడ్డని వీపుమీద ఎక్కించుకుని తిరుగుతాయి. బిడ్డ కాస్త పెద్దదయ్యాక దింపేస్తాయి. గుబురమ్మ మాత్రం దింపలేదు. మిణుకు కాళ్లు నేలకి రాసుకుంటున్నా దింపలేదు.

"ఏమే, నువ్వు దాన్ని మోస్తున్నావా, అది నిన్ను తొడుక్కుందా?" అని దుబ్బన్న ఎగతాళి చేసేవాడు. గుబురమ్మ వినిపించుకునేది కాదు.

ఆ అడవి చివర కొండమీద ఒక విశ్వవిద్యాలయం ఉండేది. అంత పేరు నోరు తిరగక అందరూ పెద్దబడి అనేవారు. ఏ ఆకు ఏ నొప్పికి పనికొస్తుందో, ఏ గాలి వీస్తే వాన పడుతుందో, అవన్నీ అక్కడ నేర్పేవారట. ఎంత వింతో చూడండి. మిణుకుకి అక్కడ చేరాలని ప్రాణం. చేరే రోజు దాటిపోతే మళ్లీ ఏడాది దాకా తలుపు తెరవరు.

ఆ రోజు దగ్గరపడింది. తల్లిదండ్రులకి నాలుగు మాటలు చెప్పి రమ్మని పెద్దబడివాళ్లు కొంగని పంపారు. కొంగ ఒంటికాలి మీద నిలబడి ఓపిగ్గా చెప్పింది. దారి బిడ్డకే తెలియాలట. తిండి బిడ్డే వెతుక్కోవాలట. ఎవరైనా ఏదైనా అడిగితే బిడ్డే నోరు విప్పాలట. ఈ మూడూ ఇప్పటినుంచే అలవాటు చేయిస్తే చాలు అంది.

గుబురమ్మ అందరికంటే ముందు కూర్చుని, అందరికంటే ఎక్కువ తలూపింది. ఆ రోజే మొదలుపెట్టింది కూడా.

ముందు దారి. కూతుర్ని వీపుమీద ఎక్కించుకుని కొండదాకా నడిచి వచ్చింది. ఎక్కడ మలుపు, ఎక్కడ ముళ్లు, ఏ రాయి జారుతుంది, అన్నీ మనసులో పెట్టుకుంది.

"అమ్మా, నేను దిగి నడుస్తానే," అంది మిణుకు.

"నా మీదే ఉన్నావు కదే తల్లీ. నేను నడిస్తే నువ్వు నడిచినట్టే."

మిణుకుకి అదీ నిజమే అనిపించింది. హాయిగా నిద్రపోయింది.

తర్వాత తిండి. పుట్ట తవ్వి, మూతి పెట్టి చెదలు పీల్చుకోవడం ఎలుగుబంట్ల విద్య. కూతురి మూతికి మట్టి అంటుకుంటుందని గుబురమ్మ తనే కొండ చుట్టూ ఉన్న పుట్టలన్నీ రుచి చూసి వచ్చింది. చాలదన్నట్టు పెద్ద తేనెపట్టు ఒకటి మోదుగాకుల్లో మూట కట్టింది.

ఆఖరికి మాటలు. పెద్దబడిలో ఏమడుగుతారో ఊహించుకుని, జవాబులు పొద్దస్తమానం వల్లె వేసింది. మిణుకు వింటూ ఆవలించింది.

"ఇంతకీ బడికి వెళ్లేదెవరే?" అన్నాడు దుబ్బన్న.

"తల్లి మనసు నీకేం తెలుసయ్యా," అంది గుబురమ్మ.

చేరే రోజు వచ్చింది. పెద్దబడి గుమ్మంలో ముసలి ఏనుగు పంతులమ్మ కూర్చుని ఉంది. గుబురమ్మ మెడలో తేనెమూట, వీపుమీద మిణుకు.

ఏ దారిన వచ్చావమ్మాయీ అని పంతులమ్మ మిణుకుని అడిగింది. వాగు పక్కనుంచి, జారే రాయి తప్పించుకుని అని గుబురమ్మ చెప్పింది. మరి ఇక్కడ తిండి ఎలాగ అంటే, ఏ పుట్టలో చెదలు కమ్మగా ఉంటాయో గుబురమ్మ వివరించింది. ఏం నేర్చుకుందామని వచ్చావు అంటే, గుబురమ్మ కళ్లు మూసుకుని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

పంతులమ్మ సంతోషంగా చెవులు ఊపింది.

"ఇంత బాగా తయారై వచ్చినవాళ్లని నేను చూడలేదు. గుబురమ్మా, నీకు సీటు ఇచ్చాను. లోపల కూర్చో. అమ్మాయిని ఇంటికి పంపించు."

గుబురమ్మ నవ్వింది. పంతులమ్మ నవ్వలేదు.

"అది ఒక్కతే ఎలా వెళ్తుందండీ? దానికి దారి తెలియదు."

"ఇప్పుడేగా దారంతా చెప్పావు."

"అది నాకు తెలుసండీ."

"అందుకేగా సీటు నీకు."

మిణుకు మెల్లగా వీపు దిగింది. ఒకసారి తల్లి ముఖం చూసి, కొండ దిగడం మొదలుపెట్టింది.

గుబురమ్మని కుందేలు పిల్లల మధ్య ఇరికించి కూర్చోబెట్టారు. ఒక్క ముక్కా చెవికెక్కలేదు. కళ్లు దారిమీదే ఉన్నాయి. కింద వాగు దగ్గర దారి రెండుగా చీలేచోట మిణుకు ఆగిపోయింది. ఎడమకే తల్లీ అని అరవబోతే, పాఠం జరుగుతోంది అంది పంతులమ్మ.

మిణుకు చాలాసేపు నిలబడింది. ఆకలేసింది కాబోలు, పక్కనున్న పుట్టలో మూతి పెట్టింది. మట్టి ముక్కులోకి పోయి గట్టిగా తుమ్మింది. మళ్లీ పెట్టింది. ఈసారి ఏదో నమిలింది. అటుగా వెళ్తున్న తాబేలుని ఆపి ఏదో అడిగింది. గుబురమ్మ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. తన బిడ్డ పరాయివాళ్లతో మాట్లాడుతోంది.

తాబేలు ఎడమకి మెడ చాచి చూపించింది. మిణుకు ఎడమకి వెళ్లలేదు. వెనక్కి తిరిగి కొండెక్కింది.

"ఇంటికి దారి తెలియలేదా అమ్మాయీ?" అంది పంతులమ్మ.

"తాబేలు తాత చెప్పాడండీ. కానీ ఇంటికి వెళ్తే ఇక్కడ చేరేదెప్పుడు? మా అమ్మ కూర్చున్నది నా చోటు."

పంతులమ్మ మళ్లీ మొదటి నుంచి అడిగింది. గుబురమ్మ నోరు దానంతట అదే తెరుచుకుంది. గబుక్కున మెడలో మూట విప్పి, కూతురికని తెచ్చిన తేనెపట్టంతా తన నోట్లోనే కుక్కుకుంది.

మిణుకు దారి సగమే చెప్పగలిగింది. తిండి గురించి అడిగితే, ఇంకా తుమ్ము వస్తోందండీ, నేర్చుకుంటాను అంది. ఏం నేర్చుకుందామని వచ్చావు అంటే గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసింది.

"తెలియదండీ. లోపలికి వస్తే తెలుస్తుందేమో."

తల్లి చెప్పినంత బాగా ఒక్కటీ చెప్పలేదు. అయినా పంతులమ్మ తొండంతో గుబురమ్మని లేపి, ఆ చోట మిణుకుని కూర్చోబెట్టింది.

గుబురమ్మ ఒక్కతే ఇంటికి నడిచింది. మోసే బరువు లేక అడుగులు వంకరగా పడ్డాయి.

"ఏమే, సీటు వచ్చిందా?" అన్నాడు దుబ్బన్న.

గుబురమ్మ మూతికంటిన తేనె నాక్కుంది.

"వచ్చింది. ముందు నాకే వచ్చిందయ్యా," అంది.

నీతి: బిడ్డ నేర్చుకోవలసినదంతా మనమే నేర్చేసుకుంటే, బిడ్డ కూర్చోవలసిన చోట మనమే కూర్చోవలసి వస్తుంది.