రెండు రూకల బండి

కొండ మీద కోట, కోట చుట్టూ ఊరు, కొండ కింద ఏరు, ఏటి గట్టున వారం వారం సంత. ఒకానొక రాజ్యానికి రాజధాని అలా ఉండేది. దాని పేరు మెట్టదుర్గం. ఏలేవాడు గంభీరభూపతి. పేరుకు తగ్గట్టే ఆయన నవ్వడం తక్కువ, ఇంకొకరి మాట వినడం మరీ తక్కువ.

ఆయనకు ఒక గొప్ప ఉండేది. ఎంతటి తగవైనా సరే, ఒక్క తాంబూలం నమిలేలోగా తేల్చేస్తాడట! ఫిర్యాదు మొదలుకాగానే తాంబూలం నోట్లో పెట్టుకునేవాడు. పిప్పి పడిగంలో ఉమ్మాడంటే తీర్పు అయిపోయినట్టే. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగివచ్చి సాక్ష్యం చెప్పినా వినేది లేదు.

ఆ తాంబూలం చుట్టి అందించే ఉద్యోగం పేరయ్యది. ఇరవై ఏళ్ళుగా రాజుగారి పక్కన వెండి పళ్ళెం పట్టుకుని నిలబడ్డ మనిషి. వక్క ముదురుదైతే తీర్పు కాస్త ఆలస్యమవుతుందనీ, లేతదైతే ఎవడి కొంపో మునుగుతుందనీ అతనికి బాగా తెలుసు. తెలిసి ఏం లాభం? తాంబూలం ఇచ్చేవాణ్ణి సలహా అడిగే రాజులు ఎక్కడున్నారు!

ఇక బండ్ల సంగతి. మెట్టదుర్గం జనం సంతకు పోవాలంటే కొండ దిగాలి, సరుకు నెత్తిన పెట్టుకుని మళ్ళీ ఎక్కాలి. అందుకని కోట గుమ్మం దగ్గర అద్దె బండ్లు ఉండేవి. ఓబులమ్మ అనే ఆవిడకు పన్నెండు బండ్లు, ఇరవై నాలుగు ఎడ్లు. ఆవిడ పద్ధతి ఒకటే. పొద్దున ఎక్కేటప్పుడు ఆరు రూకలు పుచ్చుకుని, చేతికి పసుపు దారం కట్టేది. సాయంత్రం ఆ దారం చూపిస్తే చాలు, మూటలతో సహా ఎక్కించుకుని ఇంటికి చేర్చేవారు. "దింపినవాళ్ళను ఎక్కించే పూచీ నాది" అనేది. ఒకసారి వానకు దారి కోసుకుపోతే, అర్ధరాత్రి దాకా కాగడాలు పట్టించి మరీ ఆఖరి మనిషిని పైకి తెచ్చింది.

ఆ ఏడు ఎక్కణ్ణించో భద్రప్ప అనే ఆయన వచ్చాడు. ముప్ఫై బండ్లు, వాటికి రంగులు, ఎడ్ల కొమ్ములకు ఇత్తడి కుప్పెలు. వచ్చీ రాగానే రుసుము కట్టి రాజుగారి టముకు మీదే చాటింపు వేయించాడు. టముకు కొట్టే పోలయ్య వీధి వీధీ తిరిగి అరిచాడు.

"అహో! ఓబులమ్మ బండికి ఆరు రూకలు! భద్రప్ప బండికి రెండే రూకలు! ఆరు ఎక్కడ, రెండు ఎక్కడ! విన్నవాళ్ళు వినండి, ఎక్కేవాళ్ళు ఎక్కండి!"

ఇంకేముంది! జనం భద్రప్ప బండ్ల మీద పడ్డారు. మన పేరయ్య కూడా పడ్డాడు. రెండు రూకలిచ్చి దర్జాగా కొండ దిగాడు. బెల్లం దిమ్మ, గుమ్మడికాయ, ఇంటికి కొత్త రోలు కొన్నాడు. సాయంత్రం మళ్ళీ బండి ఎక్కబోతే బండివాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏడు రూకలు బాబూ."

"పొద్దున రెండన్నారు కదయ్యా!"

"అది దిగడానికి. దిగుడు బండిని ఎడ్లు లాగక్కర్లేదు, పట్టి ఆపితే చాలు. ఎక్కడమంటే మాటలా? రోలు కూడా ఉందాయె!"

ఓబులమ్మ బండ్ల నిండా పొద్దున దారం కట్టించుకున్నవాళ్ళే ఉన్నారు. రోలు నెత్తిన పెట్టుకుని కొండెక్కడం పేరయ్య వల్ల అయ్యే పని కాదు. ఏడు రూకలూ చదివించుకుని పైకొచ్చాడు. ఇంటి దగ్గర భార్య తిరుమలమ్మ అడిగింది.

"ఎంతైందండీ బండికి?"

రాజుగారి పక్కన నిలబడే మనిషి ఇంత తేలిగ్గా మోసపోయానని చెప్పుకుంటాడా? "రెండే!" అన్నాడు. ఆవిడ మురిసిపోయి వీధంతా చెప్పింది. మరుసటి సంతకు వీధంతా భద్రప్ప బండ్లే ఎక్కారు.

నాలుగు సంతలు తిరిగేసరికి ఓబులమ్మ బండ్లు ఖాళీగా నిలబడ్డాయి. ఆవిడ ఇక ఓర్చుకోలేక రాజసభకు వచ్చింది. భద్రప్పను పిలిపించారు. ప్రభువు తాంబూలం నోట్లో పెట్టుకున్నాడు.

"దొరా, ఈయన వేయించే చాటింపుతో నా పొట్ట కొడుతున్నాడు" అంది ఓబులమ్మ.

భద్రప్ప చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు. "ప్రభూ, ఈవిడ ఆరు రూకలు పుచ్చుకోవడం అబద్ధమా? నేను రెండు రూకలకు బండి ఎక్కించడం అబద్ధమా? అడగండి."

"ఏమే, నువ్వు ఆరు పుచ్చుకుంటున్నావా?"

"పుచ్చుకుంటున్నాను దొరా, కానీ నా ఆరు రూకల్లో..."

థూ! పడిగం గణగణమంది.

"చాటింపులో ప్రతి మాటా నిజమే!" అన్నాడు ప్రభువు. "ప్రతి మాటా నిజమైతే ఆ చాటింపులో తప్పు లేదు, చాటించినవాడిలోనూ తప్పు లేదు. ఇది మా తీర్పు, ఇదే మా శాసనం. రెండు రూకల పనికి ఆరు గుంజే నీ బండ్లు మా కోట గుమ్మం దగ్గర ఉండటానికి వీల్లేదు. వచ్చే సంత నాటికి ఖాళీ చెయ్."

ఆ రోజు పెట్టింది లేత వక్క. పేరయ్యకు ప్రాణం చివుక్కుమంది.

సభ ముగిశాక మెట్ల దగ్గర ఓబులమ్మ ఒక్కతే కూలబడి ఉంది. పేరయ్యను చూసి కళ్ళు తుడుచుకుంది.

"ఎడ్లను అమ్ముకోవాలి అయ్యా. ఇంతింత దూడలప్పటి నుంచీ సాకాను. ఈ ఊళ్ళో కొనేది భద్రప్ప ఒక్కడే. పన్నెండు మంది బండివాళ్ళు, వాళ్ళ పిల్లాజెల్లా ఏం తినాలి? నేను వెళ్ళిపోతే ఎక్కుడు బండికి ఏడు కాదు, పది అడుగుతాడు. అప్పుడు అడిగేదెవరు?"

పేరయ్యకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "అమ్మా, నీ బండ్లు ఖాళీ అవడంలో నా పాపం కూడా ఉంది. సంతలోగా ఏదో ఒకటి చేస్తాను. ఎడ్లను మాత్రం అమ్మకు" అన్నాడు.

ఇంటికెళ్ళి భార్య ముందు నిజం ఒప్పుకున్నాడు. "ఆ రోజు నాకు బండికి రెండు కాదే, తొమ్మిది అయింది."

తిరుమలమ్మ మెల్లగా అంది. "నాకూ తొమ్మిదే అయిందండీ. మీరు రెండుతో వచ్చారు కదా, నేనేదో తెలివితక్కువగా బేరం చేశాననుకుని నోరు మూసుకున్నాను. పక్కింటావిడా అంతే అయుంటుంది, పాపం!"

ఊరంతా ఇదే కథ అన్నమాట! అందరూ తొమ్మిది ఇచ్చినవాళ్ళే, అందరూ రెండని చెప్పుకున్నవాళ్ళే. పైగా చాటింపు వేసింది రాజుగారి టముకు. దాన్ని కాదంటే రాజుగారిని కాదన్నట్టు కాదూ! పేరయ్య ఆ రాత్రి మంచం మీద అటూ ఇటూ దొర్లి, చివరికి లేచి కూర్చుని తనలో తానే నవ్వుకున్నాడు.

తెల్లవారగానే పోలయ్య ఇంటికి వెళ్ళి, టముకు రుసుము చేతిలో పెట్టి, ఏం చాటాలో చెప్పాడు. విన్న పోలయ్య రెండు చేతులూ జోడించాడు.

"నా తల ఉంటుందా బాబూ?"

"ప్రతి మాటా నిజమైతే చాటింపులో తప్పు లేదని ప్రభువే శాసనం చేశారు. వంటవాళ్ళను అడుగు, బోయీలను అడుగు. ఒక్క అక్షరం అబద్ధమైనా చాటకు. తల పోతే ముందు నాది పోతుంది."

పోలయ్య అడిగాడు, నిజమేనని తెలుసుకున్నాడు, టముకు భుజాన వేసుకున్నాడు. సంతకు ముందు రోజు పొద్దున్నే సరిగ్గా రాజమందిరం కింద మొదలుపెట్టాడు.

"అహో! పొరుగున ఉన్న కుసుమాపురం రాజు జయశీలుడు ఒక పూట తిన్నది ఒక్క అరటిపండు! మన ప్రభువు ఒక పూట తిన్నది నలభై గారెలు! ఆయన పల్లకీ మోసేవాళ్ళు నలుగురు! మన ప్రభువు పల్లకీ మోసేవాళ్ళు పదహారుమంది! ఆయన ఒక్క పూట వేటలో కొట్టింది మూడు దుప్పులు! మన ప్రభువు మూడు రోజుల వేటలో పట్టింది ఒకే ఒక్క కుందేలు! విన్నవాళ్ళు వినండి, ఎవరు ఎలాంటివారో మీరే తేల్చుకోండి!"

వీధిలో జనం నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. మేడ మీద గంభీరభూపతి మొహం కందగడ్డ అయింది. అందులోనూ జయశీలుడితో పోలికా! ఆ పేరు వింటేనే ఆయనకు అన్నం సయించదు.

కాసేపట్లో సభ నిండిపోయింది. భద్రప్ప వచ్చాడు, వెనక ఒక మూల ఓబులమ్మ నిలబడింది. పోలయ్యను భటులు లాక్కొచ్చారు.

"ఎవడ్రా చాటించింది?" ప్రభువు గర్జించాడు.

"నేనే ప్రభూ" అన్నాడు పేరయ్య, వెండి పళ్ళెం పట్టుకునే. ఆ రోజు దాంట్లో ఒక్క ఆకు కూడా పెట్టలేదు.

"నువ్వా! ఇరవై ఏళ్ళు మా పక్కన ఉండి మా పరువు వీధిలో పెడతావా? తల తీయించేస్తాను!"

"తీయించండి ప్రభూ. కానీ ఆ చాటింపులో ఏ మాట అబద్ధమో ఒక్కటి చూపించి తీయించండి. తమరి శాసనం నమ్ముకునే చాటించాను."

ప్రభువు తాంబూలం కోసం చెయ్యి చాపాడు. పళ్ళెం ఖాళీ. ఇక మాట్లాడక తప్పలేదు.

"అరటిపండు! ఆ జయశీలుడు అరటిపండు తిన్నది ఏకాదశి నాడు! మా నలభై గారెలు దసరా విందులోవి! ఆ ముక్క ఎందుకు చెప్పలేదు?"

"చిత్తం. చెప్పని మాట అబద్ధం ఎలా అవుతుంది ప్రభూ? చెప్పినవన్నీ నిజాలే."

"కుందేలా? ఆ మూడు రోజులూ మాకు జ్వరం! గుడారంలో దుప్పటి కప్పుకుని పడుకున్నాం! ఆ కుందేలు దానంతట అదే వచ్చి మంచం కింద దూరింది!"

సభలో ఎవరో దగ్గారు. ప్రభువు ఇంకా మండిపడ్డాడు.

"పల్లకీ మాటేమిటి? కుసుమాపురం బల్లపరుపు నేల! అక్కడ నలుగురు చాలు. ఇది కొండ! ఎక్కేటప్పుడు పదహారుమంది కావాలి, దిగేటప్పుడు మాకూ నలుగురే చాలు! ఎక్కుడు ఖర్చు ఒకరిదీ, ఎక్కుడు లేని ఖర్చు ఇంకొకరిదీ పక్కపక్కన పెట్టి, ఎవరెక్కువో చూడండని చాటిస్తాడా బుద్ధున్నవాడెవడైనా?"

పేరయ్య పళ్ళెం కింద పెట్టి చేతులు జోడించాడు.

"సరిగ్గా ఆ మాటే చెప్పబోయింది ప్రభూ ఓబులమ్మ. అప్పటికే తమరు ఉమ్మేశారు."

ప్రభువు చాలాసేపు పేరయ్యను చూశాడు. తర్వాత ఓబులమ్మను చూశాడు.

"నీ ఆరు రూకల్లో... ఏమిటి? ఆ రోజు ఏదో చెప్పబోయావు. చెప్పు."

"దిగడమూ ఉంది దొరా, ఎక్కడమూ ఉంది, మూటలూ ఉన్నాయి" అంది ఓబులమ్మ.

"భద్రప్పా! దిగడానికి నువ్వు రెండు పుచ్చుకుంటావు. మరి ఎక్కడానికి?"

భద్రప్ప నీళ్ళు నమిలాడు. "ఎండలు ముదిరితే ఎడ్లకు ఇబ్బంది ప్రభూ... మేత ధర కూడా..."

"ఎంత?"

"ఏడు."

"మా దగ్గర పనిచేసే వాళ్ళలో ఎవరెవరు ఇచ్చారు ఆ ఏడు?"

ముందు పేరయ్య చెయ్యి ఎత్తాడు. తర్వాత పోలయ్య. తర్వాత మెల్లగా ఇద్దరు భటులు, వంటశాల పెద్ద. చివరికి తెల్లగడ్డం మంత్రిగారు కూడా అటూ ఇటూ చూసి చెయ్యి సగం పైకెత్తారు.

"మంత్రిగారూ, మీరు కూడానా!"

"నాకు రెండు రూకలే అయిందని ఇంట్లో చెప్పాను ప్రభూ" అన్నారు మంత్రిగారు.

గంభీరభూపతి మీసం అదిరింది. అందరూ కోపమనుకుని బిగుసుకుపోయారు. కాదు, నవ్వు! పదేళ్ళుగా లోపల దాచిపెట్టుకున్న నవ్వంతా ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది. సింహాసనం చేతులు పట్టుకుని ఊగి ఊగి నవ్వాడు. ప్రభువు నవ్వితే మనమూ నవ్వవచ్చా లేదా అని సభికులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంత్రిగారు కిసుక్కుమన్నాక ఇక ఆగలేదు.

కళ్ళు తుడుచుకుని ప్రభువు అన్నాడు. "ఓబులమ్మా, మేము తొందరపడ్డాం. నీ బండ్లు కోట గుమ్మం దగ్గరే ఉంటాయి, నువ్వు ఉన్నంత కాలమూ ఉంటాయి. భద్రప్పా, నువ్వూ ఉండు, మాకు బండ్లు కావాలి. కానీ నెల రోజులు నీ సొంత ఖర్చుతో ఇద్దరి బాడుగా, దిగుడూ ఎక్కుడూ కలిపి చాటించు. ఇక మీదట ఈ రాజ్యంలో ఎవరు ఎవరితో పోల్చుకున్నా పూర్తిగా పోల్చుకోవాలి. సగం చెప్పినవాడు అబద్ధం చెప్పినవాడి కిందే లెక్క."

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఈసారి ఎవరూ ఆవిడను తొందరపెట్టలేదు.

మర్నాడు సంత. పోలయ్య గొంతు చించుకుని అరిచాడు. "అహో! దిగుడూ ఎక్కుడూ కలిపి ఓబులమ్మకు ఆరు! భద్రప్పకు తొమ్మిది!" మధ్యాహ్నానికల్లా భద్రప్ప పరిగెత్తుకొచ్చి తనదీ ఆరేనని చాటమన్నాడు. పై వారం ఐదున్నరకు దిగాడు. అది విని పేరయ్య కంగారుపడి ఓబులమ్మ దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ ఎద్దు మెడ నిమురుతూ నవ్వింది. "దిగనీయండి అయ్యా! నిజంగా తగ్గిస్తే జనానికే కదా మంచిది. నేనూ ఐదున్నర చేస్తాను, బండ్లలో మెత్తగా గడ్డి పరుస్తాను. ఎవరిది బాగుంటే వాళ్ళది ఎక్కుతారు."

బాడుగలు అలా తగ్గిన సంగతి ఎలాగో ప్రభువు చెవిన పడింది. ఆయన నిండు సభలో పేరయ్యను పిలిచి, తన భుజం మీది జరీ శాలువా తీసి స్వయంగా కప్పి, నూరు వరహాలు చేతిలో పెట్టాడు.

"పేరయ్యా, మా ఆస్థానంలో నీ అంత తెలివైనవాడు లేడు!"

పేరయ్య శాలువా సర్దుకుని, మంత్రుల వైపూ పండితుల వైపూ ఒకసారి చూసి, వంగి దణ్ణం పెట్టాడు.

"మహాప్రసాదం ప్రభూ. ఎవరెవరితో పోల్చి ఆ మాట అన్నారో అది కూడా సెలవిచ్చేస్తే, తమరి శాసనం ప్రకారం పూర్తవుతుంది."

గంభీరభూపతి పగలబడి నవ్వాడు. మంత్రులు మాత్రం, పాపం, ఆ పేర్లు ఎక్కడ చదువుతాడోనని సభ ముగిసేదాకా తల ఎత్తలేదు.