ఆయుధపూజలో ముసలి బంట్లు

ఏరూ కొండా దాటిపోతే, ఒకప్పుడు గండవరమని ఓ రాజ్యం ఉండేదంట. దాన్నేలే వీరగజసింగరాజుకి మీసాలెంత పొడుగో, గొప్పలు అంతకి రెట్టింపు.

కోటగోడ పక్కన పాకల్లో ముసలి బంట్లు ఉండేవాళ్లు. రాజు కోసం యుద్ధాలు చేసి ఒకడు కన్ను, ఒకడు చెయ్యి పోగొట్టుకున్నవాళ్లు. వాళ్లకి పెద్దదిక్కు కుంటికాలి బైరినాయుడు. దసరాకి ముందు ఓ భటుడొచ్చి, "ఇక్కడ రాజుగారికి విజయమండపం కడతారంట. పండగ వెళ్లగానే పాకలు పీకెయ్యండి" అని చెప్పిపోయాడు.

బైరినాయుడు కుంటుకుంటూ కొలువుకెళ్లాడు. "మేమెక్కడికి పోతాం ప్రభూ?"

"కత్తి పట్టినన్నాళ్లూ జీతమిచ్చాం. ఇప్పుడు యుద్ధమూ లేదు, మీతో పనీ లేదు" అన్నాడు రాజు మీసం దువ్వుకుంటూ.

ఇంకా అడిగితే అడుక్కున్నట్టుంటుందని నాయుడు వెనుదిరిగాడు.

ఆ కొలువులోనే మాచన అని ఓ చమత్కారి ఉన్నాడు. బయట నాయుణ్ణి ఆపి, "బాబాయ్, ఆయుధపూజ రోజు అందరూ తలంటుకుని ఆయుధశాలకి రండి. కత్తులకీ ఈటెలకీ మధ్య కదలకుండా నిలబడండి" అన్నాడు.

"ఈ వయసులో మమ్మల్ని నవ్వులపాలు చేస్తావేంటయ్యా?"

"ఎవరు నవ్వుతారో చూద్దువుగాని, రా బాబాయ్."

గండవరంలో ఓ ఆచారం ఉంది. పూజలో బొట్టు పడిన ఆయుధం తుప్పు పట్టినా, విరిగినా పారెయ్యకూడదు. చోటిచ్చి రాజే చూసుకోవాలి.

పూజ రోజు పూజారి కళ్లు సగం మూసుకుని, మంత్రాలు చదువుతూ వరసగా బొట్లు పెట్టుకుపోయాడు. కత్తికి, ఈటెకి, నాయుడి నుదుటికి. వెనకే రాజు జనం వైపు గొప్పగా చూస్తూ, పూలు చల్లుతూ, దండాలు పెట్టుకుంటూ పోయాడు. జనం కిసుక్కుమంటే అప్పుడు తిరిగి చూశాడు.

"వీళ్లేంటి ఇక్కడ!"

"పాత ఆయుధాలు ప్రభూ" అన్నాడు మాచన. "బొట్టు పడింది, తమరు దండం కూడా పెట్టారు. ఇక చోటూ తిండీ తమవే."

"మనుషులు ఆయుధాలెలా అవుతార్రా? గెంటండి బయటికి!"

మాచన గుమ్మం వైపు తిరిగి గుండెలదిరేలా అరిచాడు. "శత్రువులు! తలుపు దాటేశారు!"

నాయుడు ఇంకేం ఆలోచించలేదు. తన కాలు కుంటిదన్న సంగతే గుర్తులేదు. ఒక్క గెంతులో రాజుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఒంటికన్నువాడు కుడివైపు, ఒంటిచేతివాడు ఎడమవైపు. అందిన ఈటె అందుకుని ముసలాళ్లంతా గోడ కట్టేశారు.

గుమ్మంలో ఓ మేక నిలబడి పూలదండ నములుతోంది.

మాచన చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, రత్నాల కత్తి తమ పక్కనే ఉంది. దాన్ని వదిలేసి ఈయన భుజం పట్టుకున్నారేం? ఏది ఆయుధమో తమ చేతికే తెలిసినట్టుంది."

రాజు తన చెయ్యి చూసుకున్నాడు. ముందు మీసం వణికింది, తర్వాత బొజ్జ కదిలింది. కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"మండపం వద్దు! ఆ చోట వీళ్లకి ఇళ్లు కట్టించండి. బతికున్నన్నాళ్లూ జీతం, వీళ్ల తర్వాత వీళ్ల ఆడవాళ్లకి. మాచనా, ఆ రత్నాల కత్తి నువ్వే తీసుకో. నాకెలాగూ పనికిరాలేదు!"

బైరినాయుడు ఈటె దించలేదు. నిటారుగా నిలబడి, గుమ్మం మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"మంచిది ప్రభూ. మరి భుజం వదిలితే, తిరిగి దండం పెడతాను."

రాజు మళ్లీ పగలబడి నవ్వాడు గానీ, చెయ్యి మాత్రం తియ్యలేదు.