అడుగున మిగిలిన పెట్రోలు

నలభై రోజులు మౌనవ్రతం పట్టిన నరహరి నలభై ఒకటోనాడు పొద్దున్నే నోరు విప్పాడు. విప్పీ విప్పగానే వంటశాల గుమ్మంలో నిలబడి, "నేను వ్రతం పట్టినవేళ నన్నేమన్నావు తాయారమ్మా? నేను మాట్లాడకపోతే మీరంతా బతికిపోతారా?" అన్నాడు.

వడ్డిస్తున్న తాయారమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. విస్తళ్ళ ముందు కూచున్న పదిమందీ తలలు తిప్పి చూశారు. నరహరి మాత్రం ఆగలేదు. పులుసులో ఉప్పు దగ్గర్నుంచి ఆవిడ చెప్పుల చప్పుడు దాకా అన్నీ ఏకరువు పెట్టాడు.

అంతా విన్నాక ఆవిడ, "ఆవకాయైతే మూడోనాటికే ఊరుతుంది. నరహరిగారి తిట్లకి నలభై రోజులు పట్టిందండీ," అని మళ్ళీ వడ్డనలో పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

నరహరి విస్తరి ముందు కూచోలేదు. తన గదిలోకి వెళ్ళి, ఉన్న రెండు పంచెలూ మూట కట్టుకుని గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

వాళ్ళ ఆశ్రమం గోదావరి నడుమ ఒక లంకలో ఉండేది. గురువుగారిని అందరూ లంకస్వామి అనేవారు. ఎండాకాలం ఇసకలో నడిచి, మోకాటిలోతు పాయ ఒకటి దాటితే ఒడ్డు. వరదనీరు వచ్చిన నాలుగు నెలలూ మాత్రం పడవే దిక్కు. ఆ పడవకో చిన్న పెట్రోలు ఇంజను ఉంది.

"నేను పనికిరాను గురువుగారండీ," అన్నాడు నరహరి. "నలభై రోజుల్లో ఒక్క అక్షరం జారలేదు. నిద్రలో కూడా పలవరించలేదట, పక్కగదివాళ్ళని అడిగాను. మరి ఇదంతా ఎక్కడ దాక్కుంది? అదైనా చెప్పండి, లేదా వెళ్ళిపొమ్మనైనా చెప్పండి."

స్వామి మూటకేసి చూశారు.

"వెళ్దువుగానిలే. ఎర్రనీరు వచ్చేసింది కదా, నడిచి ఎలా వెళ్తావు? పాకలోంచి ఇంజను తీసి పడవకి బిగించు."

ఇంజను పని నరహరికి కొత్త కాదు. పోయిన కార్తీకంలో దాన్ని భద్రపరిచింది తనే. ఆశ్రమానికి రాకముందు పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా చేసినవాడు, ఏ పని చేసినా అందులో వంక పెట్టడానికి ఉండేది కాదు. అప్పుడు ఇంజను కడిగాడు, తుడిచాడు, పసుపు కుంకుమలు పెట్టాడు, దుప్పటి కప్పి తాళ్ళతో కట్టాడు. ఇప్పుడు విప్పి చూస్తే నిన్న పెట్టినట్టే ఉంది. పసుపు కూడా చెదరలేదు.

పడవకి బిగించి, దాన్ని తిప్పే తాడు పట్టి లాగాడు. ఇంజను పలకలేదు. పదిసార్లు లాగాడు, ఇరవైసార్లు లాగాడు. భుజం పట్టేసి పడవ అంచున కూలబడ్డాడు.

"మూత విప్పు," అన్నారు ఒడ్డున కూచున్న స్వామి.

ట్యాంకు మూత విప్పితే వాసన ముక్కుకి కొట్టింది. అది పెట్రోలు వాసన కాదు, తలుపులకి వేసే వార్నీషు వాసన.

"ఇందులో పెట్రోలు వదిలేశావా?"

"నిండుగా పోసి పెట్టానండీ. బియ్యం డబ్బా, దీపం కుందీ అడుగంటా ఖాళీ చెయ్యకూడదని మా అమ్మ చెప్పేది. ఇంజనుని మాత్రం ఖాళీ కడుపుతో ఎలా పడుకోబెడతాం అనుకున్నాను."

"ఊఁ. ఇప్పుడు ఇంజను కిందనున్న గిన్నె విప్పు."

ట్యాంకులో పెట్రోలు పైపుగుండా ముందు ఆ గిన్నెలోకి వస్తుంది. అక్కణ్ణుంచి వెంట్రుకంత సన్నటి రంధ్రంలోంచి పైకి వెళ్ళి మండుతుంది. గిన్నె ఎంతో లేదు, రెండు చెంచాలు పడితే గొప్ప. నెలల తరబడి కదలకుండా ఉంటే పెట్రోలులో తేలికైనది ఆవిరైపోతుంది, మిగిలినది చిక్కబడి అడుక్కి పట్టేస్తుంది. నరహరి విప్పిన గిన్నెలో తుమ్మజిగురు లాంటిది గోధుమరంగులో గడ్డకట్టి ఉంది. పైనున్న రంధ్రం అసలు కనిపించనేలేదు.

తుడవడానికి గుడ్డ కావాల్సొచ్చింది. నరహరి అటూ ఇటూ చూసి, మూట విప్పి పాత పంచె చింపాడు.

ఆ రోజంతా ఆ పనే అయింది. సన్నటి తీగతో రంధ్రం పొడిచాడు, గిన్నె గీకాడు, పాత పెట్రోలు ట్యాంకులోంచి డబ్బాలోకి ఒంపాడు. మర్నాడు కొత్త పెట్రోలు పోసి, ఇంజను పడవ మీంచి దించి, వేడెక్కకుండా దాని అడుగుభాగం నీళ్ళ డ్రమ్ములో ముంచి నిలబెట్టి, తాడు లాగాడు. రెండోసారికే అందుకుంది. నరహరి మొహం వికసించింది.

"ఇక ఆపు," అన్నారు స్వామి.

నరహరి ఎర్రబొత్తాం మీదికి చెయ్యి పోనిచ్చాడు. స్వామి ఆ చెయ్యి పట్టుకుని పక్కకి పెట్టి, ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీశారు.

ఇంజను ఆగలేదు. ఇంతకుముందులాగే హాయిగా నడుస్తోంది.

"పైపు లేకపోయినా నడుస్తోందేంటండీ!"

ఇద్దరూ నిలబడి చూశారు. కాసేపటికి దాని గొంతు మారింది. ఒకసారి ఎగిసింది, దగ్గింది, మళ్ళీ అందుకుంది, మళ్ళీ దగ్గింది. చివరికి దానంతటదే ఆగిపోయింది.

"పోయిన కార్తీకంలో ఎలా ఆపావు?"

"బొత్తాం నొక్కి..." అని నరహరి మధ్యలో ఆగాడు. ఆ చిన్న గిన్నెకేసి చూసి, "ఇందులోది ఇందులోనే ఉండిపోయిందండీ," అన్నాడు.

"ఇంజను సిద్ధంగా ఉంది. వెళ్తావా?" అడిగారు స్వామి.

"పంచె ఒక్కటే మిగిలిందండీ," అన్నాడు నరహరి. ఆ ఒక్కటీ ఉతికి దండెం మీద ఆరేశాడు.

ఆ ఏడు వరద ఎక్కువే వచ్చింది. బియ్యానికీ మందులకీ రోజుకి రెండుసార్లు పడవ తిరిగింది, నడిపింది నరహరే. తాయారమ్మతో మాత్రం ఆ నాలుగు నెలలూ "మజ్జిగ", "చాలు" తప్ప మూడోమాట లేదు.

కార్తీకం వచ్చింది. నీరు తీసింది. నరహరి ట్యాంకులో పెట్రోలంతా ఒంపి ఆశ్రమం మోపెడ్‌లో పోశాడు. పైపు ఊడదీసి, ఇంజను దానంతటదే ఆగేదాకా పక్కనే నిలబడ్డాడు. గిన్నె కింద మర విప్పి ఆఖరి బొట్టు కూడా గుడ్డకి అద్దాడు. ట్యాంకు మూత గట్టిగా బిగించి నీడన పెట్టాడు. అప్పుడు గానీ పసుపు కుంకుమలు పెట్టలేదు.

చేతులు కడుక్కుని గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. "మళ్ళీ నలభై రోజులు మౌనంలో కూచుంటానండీ. అనుమతివ్వండి."

"ఎప్పట్నుంచి?"

"రేపట్నుంచే..." అని, ఏదో గుర్తొచ్చినవాడిలా లేచాడు. "ఒక్క క్షణం ఉండండి, వస్తాను."

తాయారమ్మ పొయ్యి ముందు కూచుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. నరహరి పీట లాక్కుని ఎదురుగా కూచున్నాడు.

"ఆవేళ నువ్వన్న మాట నాకు గుచ్చుకుంది తాయారమ్మా."

"ఏ మాటండీ?"

నరహరి నివ్వెరపోయాడు. తను మాట్లాడకపోతే అందరూ బతికిపోతారన్న మాట చెప్పాడు.

"అదా! నవ్వులాటకన్నానండీ. నాకు గుర్తే లేదు." ఆవిడ చేతిలో కాయ పక్కన పడేసింది. "మరి మీరు? నేను చేసిన కూరలో వంకాయ తొడిమలు ఏరి, విస్తరి అంచున వరసగా పేరుస్తారే, అందరికీ కనపడేలాగ! రెండేళ్ళై చూస్తున్నాను. అది నాకు గుచ్చుకోదేంటి?"

"తొడిమలా?"

"తొడిమలే. ఇంకా చెప్పనా?"

"చెప్పు. తరవాత నేను చెబుతాను."

ఆవిడ చెప్పింది, ఆయన చెప్పాడు. గొంతులు లేచాయి. ఒకసారి గోరుచిక్కుళ్ళ చేట తిరగబడింది. ఏరుతూ కూడా చెప్పుకున్నారు. తరవాత్తరవాత మాటకీ మాటకీ మధ్య ఎడం పెరిగింది. "ఇంకేమన్నా ఉందా?" అని ఆవిడ అడిగింది. నరహరి వెతికి వెతికి, ఒకటి దొరికితే అదీ చెప్పాడు. ఆ తరవాత ఎంత వెతికినా ఇద్దరికీ ఏదీ దొరకలేదు.

నరహరి తిరిగి వచ్చేసరికి స్వామి కూచున్నచోటే కూచుని ఉన్నారు.

"ఒక్క క్షణమన్నావు. ఎంతసేపు నడిచింది?"

"పొయ్యి ఆరిపోయిందండీ."

"దానంతటదే ఆగిందా?"

నరహరి తల ఊపాడు.

"అయితే వెళ్ళి గది తలుపు వేసుకో," అన్నారు లంకస్వామి.